కాగితం వంతెన మీద లారీ

"నేనక్కడ పెద్దగా చేసిందేమీ లేదు. ఒక కుర్చీ జరిపాను, అంతే."

గ్లోబు మాస్టారు ఇలా మొదలుపెట్టాడంటే టీ కొట్టులో ఇంకొకళ్ళకి వంతు రాదని అందరికీ తెలుసు. హైస్కూలు గేటుకి ఎదురుగా, రేకుల కప్పు కింద ఎదురెదురుగా రెండు బల్లలు, మధ్యలో మోకాళ్ళు పట్టేంత ఎడం. ఒక బల్ల మొత్తం మాస్టారిదే, ఎందుకంటే ఆయన చేతులు ఊపకుండా మాట్లాడలేడు. చెప్పేది సాంఘికశాస్త్రం. ఏ పాఠమైనా గ్లోబు గిర్రున తిప్పి మొదలుపెడతాడని పిల్లలు ఆ పేరు పెట్టారు. రెండో బల్ల మీద డ్రిల్లు మాస్టారు, గ్లోబు మాస్టారి అక్కని చేసుకున్న బావ. ఆయన పక్కన సైన్సు చెప్పే చిన్న టీచరమ్మ, ఒళ్ళో తెరిచిన నోటుపుస్తకంతో. పొయ్యి దగ్గర కొట్టు నడిపే ఆవిడ, చిన్నాపెద్దా అందరికీ అక్క.

తెల్లారితే పైనుంచి అధికారులు వస్తున్నారు. తొమ్మిదో తరగతిలో కూర్చుని కొత్త పద్ధతిలో పాఠాలు జరుగుతున్నాయో లేదో చూస్తారు. జరుగుతుంటే తొమ్మిది, పది తరగతులు ఈ స్కూల్లోనే ఉంటాయి. లేదంటే పద్దెనిమిది కిలోమీటర్ల అవతల పట్నం స్కూల్లో కలిపేస్తారు. ఆ పద్ధతి నేర్చుకు రమ్మనే చుట్టుపక్కల స్కూళ్ళన్నిటి తరఫునా గ్లోబు మాస్టారిని ఇరవై ఒక్క రోజులు విదేశానికి పంపారు. ఆయన తిరిగొచ్చి పన్నెండు రోజులైంది. ఏం నేర్చుకొచ్చాడో మాత్రం ఇంతవరకూ ఎవరికీ అంతు చిక్కలేదు.

"కుర్చీ ఏంటి సార్?" అంది టీచరమ్మ.

"అదే చెప్తున్నా. మొదటిరోజు ట్రైనింగు గదిలోకి అడుగుపెట్టాను. నలభై మందిమి, పదహారు దేశాల టీచర్లం. చూద్దును కదా, కుర్చీలన్నీ గుండ్రంగా వేసున్నాయి. నల్లబల్ల ఎటో తెలీదు, టీచరు ఎటు నిలబడతాడో తెలీదు, ముందు బెంచీ లేదు, వెనక బెంచీ లేదు. ఇరవై ఆరేళ్ళ సర్వీసమ్మా నాది, గదికి ముందు ఎటో తెలియకపోవడం అనేది ఎన్నడూ ఎరగను. అందరూ బిక్కమొహాలేసుకుని కూర్చున్నారు. నేనేం చేశాను? నా కుర్చీ ఎత్తి గోడవైపు తిప్పి వేసుకున్నాను. ఇదిగో, ముందు ఇటు, అన్నట్టుగా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు నలభై మందీ కుర్చీలు నావైపు తిప్పేశారు. ఇంతలో ట్రైనరమ్మ వచ్చింది, ఆరడుగుల మనిషి. చూసింది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది. 'పదేళ్ళుగా ఈ గదికి ముందు ఎటో మాకు తెలియలేదయ్యా, మీరొచ్చి చూపించారు' అంది."

"ఏ భాషలో అంది బామ్మర్దీ?" అన్నాడు డ్రిల్లు మాస్టారు.

"కన్నీళ్ళకి భాషేంటి బావా. మనసుండాలి గానీ."

కొట్టు వెనక గదిలోంచి సన్నగా చదువు వినిపిస్తోంది. కొట్టు నడిపే అక్క కూతురు తొమ్మిదో తరగతి. మాటలు సరిగా తెలియడం లేదు గానీ అదే ముక్క మళ్ళీ మళ్ళీ, అదే చోట ఆగి అదే చోట ఎత్తుకుంటోంది.

"మీ అమ్మాయి దీక్షగా చదువుతోందక్కా," అన్నాడు మాస్టారు సంతోషంగా.

"రేపు మీకు చూపించాలట." అక్క గ్లాసులు కడిగి బోర్లిస్తూ అంది. "మాస్టారూ, పట్నానికి ఉన్నది ఒక్కటే బస్సు, అదీ పదకొండున్నరకి. స్కూలు అటు పోయిందంటే నా పిల్ల చదువు ఇక్కడితో సరి. మీ మీదే ఆశ పెట్టుకున్నాను. ఆ కుర్చీల సంగతి సరే, రేపు క్లాసులో ఏం జరగాలో అది చెప్పండి."

"అక్కడికే వస్తున్నా. తొందరపడితే పద్ధతి పాడైపోతుందక్కా. రెండోరోజు కాగితాలిచ్చారు. పచ్చటి కాగితాలు, అరచెయ్యంత, వెనక జిగురు. మనిషికి మూడు. మొదటిదాని మీద నీకు తెలిసింది రాయి, రెండోదాని మీద తెలియనిది రాయి, మూడోదాని మీద తెలుసుకోవాలనుకున్నది రాయి, రాసి గోడకి అంటించు. ఇదీ పని. అందరూ మూడేసి అంటించి చేతులు దులుపుకున్నారు. నాకు తెలిసింది ఒక్క కాగితంలో పడుతుందా? నువ్వే చెప్పు బావా."

"నీకు తెలిసింది ఒక్క దేశంలో పట్టదు."

"అదే అన్నాన్నేనూ. కట్ట ఇమ్మన్నాను. కట్ట అయిపోయింది. పెట్టె తెప్పించారు. నదులు, పర్వతాలు, పంటలు, రాజధానులు, రాస్తున్నాను, అంటిస్తున్నాను. గోడ నిండింది, పై కప్పు నిండింది, నడవా నిండింది, మెట్లు నిండాయి. కిటికీలు మూసుకుపోయి మధ్యాహ్నం పన్నెండింటికి లైట్లు వేసుకున్నారు. సాయంత్రం చూసుకుంటే ఒక మనిషి తక్కువ. లెక్కల టీచరు, పాపం బక్కపలచని మనిషి, గోడకి ఆనుకుని నిలబడ్డాడట, ఆయన మీద కూడా అంటించేశాను. అన్నం వేళకి గానీ బయటపడలేదు. బయటపడేసరికి ఆయనకి మన దేశంలో రైల్వే జంక్షన్లన్నీ వచ్చేశాయి. చర్మంలోంచి ఎక్కేసింది జ్ఞానం."

"మరి తెలియనివి ఎన్ని రాశారు సార్?" అంది టీచరమ్మ.

"తెలియనివా? ఒక్కటి. ఏమీ రాయకపోతే వాళ్ళు చిన్నబుచ్చుకుంటారని."

"ఆ ఒక్కదాని మీద ఏం రాశారు?"

మాస్టారు టీ గ్లాసు ఎత్తి, ఖాళీగా ఉందని చూసి, మళ్ళీ దించాడు. "అంత చిన్న విషయాలు గుర్తుంటాయా అమ్మా."

"చిన్నదేం కాదు సార్." టీచరమ్మ గబగబా రాసుకుంటోంది. "తెలిసింది, తెలియనిది, తెలుసుకోవాల్సింది. రేపు పిల్లల చేత ఇదే చేయిస్తే? జిగురు కాగితాలు లేకపోతే మామూలు కాగితం ముక్కలు..."

"అబ్బే, అది పిల్లకాయల ఆట. అసలు పద్ధతి ముందుంది."

"సరే, అసలు పద్ధతి చెప్పు," అన్నాడు డ్రిల్లు మాస్టారు. "రేపు మూడో పీరియడు నాది కూడాను. పిల్లలు ఎక్కడ కూర్చోవాలి?"

"పిల్లలు కూర్చోరు."

"నిలబడతారా?"

"నిలబడరు."

"మరి?"

"తిరుగుతారు. కానీ ఎవరి చోట వాళ్ళుంటారు."

"తిరుగుతూ ఒకే చోట ఎలా ఉంటార్రా?"

"అదే పద్ధతి బావా. టీచరు గదిలో ఉంటాడు గానీ ఉన్నట్టుండడు. ప్రశ్న టీచరు అడుగుతాడు, కానీ అడిగింది పిల్లలు. జవాబు పిల్లలు చెప్తారు, కానీ జవాబు ముఖ్యం కాదు."

టీచరమ్మ రాసినదంతా ఓసారి చదువుకుని, కొట్టేసి, మళ్ళీ రాసింది. డ్రిల్లు మాస్టారు బుర్ర గోక్కున్నాడు. అక్క పాలు పొంగిపోతున్నా చూడకుండా నిలబడి, చివరి క్షణంలో దించింది. "నాకు తలా తోకా తెలియడం లేదు మాస్టారూ," అంది.

"తెలియదు. తెలియకూడదు. నాకూ మొదట తెలియలేదు. వంతెన కట్టాక తెలిసింది."

"వంతెనా?"

"చెప్పలేదూ? అయిదోరోజు. నలుగురేసి ఒక గుంపు. గుంపుకి పది పాత న్యూస్‌పేపర్లు, ఒక టేపు. రెండు బల్లలు ఎడంగా పెట్టి, ఈ బల్ల నుంచి ఆ బల్లకి కాగితంతో వంతెన కట్టాలి. దానిమీద ఒక పుస్తకం నిలబడాలి. అంతే. ఎలా కట్టాలో ఎవరూ చెప్పరు. ఆవిడ ట్రైనరే కదా, చెప్పాలా వద్దా? చెప్పదు. చేతులు కట్టుకుని నవ్వుతూ నిలబడుతుంది. మా గుంపులో నలుగురికి నాలుగు భాషలు. ఒకాయన దీవి నుంచి వచ్చాడు, ఒకావిడ మంచుదేశం నుంచి. నావైపు చూశారు. నేను ఒక్కసారి కళ్ళు మూసుకుని, తెరిచి, కట్టేశాను. పుస్తకం పెట్టాం. ఆగింది. నిఘంటువు పెట్టాం, అరచెయ్యి మందం, ఆగింది. బీరువాలో ఉన్న పుస్తకాలన్నీ పెట్టాం. ఆగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"బీరువా పెట్టారు," అన్నాడు డ్రిల్లు మాస్టారు.

"బీరువా పెట్టాం. ఆగింది. ట్రైనరమ్మ చెప్పులు విడిచి తనే ఎక్కింది. ఆగింది. ఇంటికి ఫోను చేసి వాళ్ళాయన్ని పిలిపించింది, ఆయన ఇంకా పెద్ద మనిషి. ఇద్దరూ దానిమీద చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడిచారు, పెళ్ళిరోజు గుర్తొచ్చిందని చెప్పుకున్నారు. అప్పటికే ఊరికి పాకిపోయింది. ఊరి పక్కన నది, నది మీద పాత వంతెన రిపేరులో ఉంది, జనం ఆరు నెలలుగా చుట్టు తిరిగి పోతున్నారు. మోసుకెళ్ళాం మా కాగితం వంతెన. అటొకటి ఇటొకటి బల్లలేసి ఆనించాం. ముందు సైకిలు. తర్వాత జీపు. తర్వాత ఇటుకల లారీ, అదీ వెనక ఇంకో ఆరుగురు ఎక్కి. డ్రైవరు మధ్యలో ఆపి, దిగి, కిందకి వంగి న్యూస్‌పేపరు చదువుకుని మరీ వెళ్ళాడు."

"వానొస్తే?" అంది అక్క.

"ఆ రోజు నుంచి ఆ ఊళ్ళో వాన వంతెన దాటి అవతల పడుతోందట. ఉత్తరం రాశారు."

డ్రిల్లు మాస్టారు నవ్వాడు. టీచరమ్మకి నవ్వాలో రాసుకోవాలో తెలియలేదు. "సార్, అంతకుముందు ఆ పుస్తకం నిలబెట్టేవరకూ చెప్పండి చాలు. కాగితాన్ని ఎలా మలిచారు? మడత పెట్టారా, చుట్టారా?"

"మలచడం అనేది... పద్ధతిలో మలిచానమ్మా."

"అంటే?"

"అక్కడికే వస్తున్నా."

లోపల్నుంచి చదువు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదటికొచ్చింది. అక్క అటువైపు చూసి, ఇటు చూసింది. చీకటి పడడానికి ఇంకా గంటుంది. గేటు అవతల బడి జవాను వరండా కడుగుతున్నాడు, రేపటికోసం.

"అసలు విషయం వినండి," అన్నాడు మాస్టారు, గొంతు తగ్గించి. "పదోరోజు ట్రైనరమ్మ అంది, టీచరు క్లాసులో పది నిమిషాల కన్నా ఎక్కువ మాట్లాడకూడదు, అని. ఎవరికీ చేతకావడం లేదు. మంచుదేశం ఆవిడ పన్నెండో నిమిషంలో కూడా మాట్లాడుతూనే ఉంది. నన్ను అక్కడి హైస్కూలికి తీసుకెళ్ళి క్లాసు అప్పగించారు. నేను అసలు నోరే విప్పలేదు. పది నిమిషాలు కాదు, మూడు రోజులు."

"నువ్వు," అన్నాడు డ్రిల్లు మాస్టారు. "మూడు రోజులు."

"మూడు రోజులు."

"మా ఆవిడ చెప్తుంది, చిన్నప్పుడు నువ్వు నిద్రలో కూడా పాఠం చెప్పేవాడివట. పక్కనున్న వాళ్ళని లేపి ఒప్పజెప్పమనేవాడివట."

"అది చిన్నప్పుడు. మూడు రోజులు నేను మాట్లాడకపోయేసరికి ఆ పిల్లలకి బుర్రలు విచ్చుకున్నాయి. మొదటిరోజు ప్రపంచంలో నదులన్నీ వాళ్ళంతట వాళ్ళే కనిపెట్టేశారు. రెండోరోజు దేశాలు. మూడోరోజు మధ్యాహ్నానికి ఖండాలు లెక్కపెట్టి, ఏడు కాదు, ఎనిమిది ఉండాలి, ఒకటి ఎక్కడో తప్పిపోయింది అని తేల్చారు. పలకాబలపం సర్దుకుని వెతకడానికి బయల్దేరారు."

"దొరికిందా?"

"ఇంకా గుంపుల్లో చర్చిస్తున్నారు. ఇక్కడితో అయిందా? ఈ పద్ధతి స్కూలు గోడ దూకి ఊళ్ళో పడింది. ఆస్పత్రిలో రోగుల్ని నలుగురేసి కూర్చోబెట్టి, 'మీకేం జబ్బని మీరనుకుంటున్నారు' అని డాక్టరు అడుగుతున్నాడు. తను చెప్పడు. చెప్తే పాత పద్ధతి. ఒక ఇల్లు తగలబడింది, ఫైరింజను వచ్చింది, వాళ్ళు దిగి, గుండ్రంగా కుర్చీలేసి, 'ఈ ఇల్లు ఎందుకు తగలబడుతోందో మీలో మీరు చర్చించుకోండి' అన్నారు. చర్చ ముగిసేసరికి మంట దానంతటదే ఆరిపోయింది."

"ఇల్లు మిగిలిందా సార్?"

"చర్చ చాలా బాగా జరిగిందమ్మా."

"చెప్పేవాడికి వినేవాడు లోకువ," అన్నాడు డ్రిల్లు మాస్టారు. కానీ ఆయన ముఖంలో నవ్వు సగమే ఉంది. గేటు వైపు చూసి వాచీ చూసుకున్నాడు. "ఒరేయ్, రేపు తొమ్మిదింటికి వస్తారురా వాళ్ళు. నాకైతే ఏమీ అర్థం కాలేదు. నీకు అర్థమైందా అని కూడా అనుమానంగా ఉంది."

"నాకు అర్థం కాకపోతే విమానం ఎవరు దింపారు బావా?"

"విమానం," అంది అక్క.

"తిరుగు ప్రయాణంలో. ఆకాశంలో ఉన్నాం. పైలటుకి కూడా ఈ పద్ధతి సోకింది. తలుపు తీసుకుని బయటికొచ్చాడు, చేతులు కట్టుకున్నాడు, నవ్వుతున్నాడు. 'మిత్రులారా, దీన్ని కిందికి ఎలా దింపుదామంటారు?' అన్నాడు. ముసలివాళ్ళు కళ్ళు మూసుకున్నారు, పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. నేను లేచాను. కిటికీ వరసలో వాళ్ళు ఒక గుంపు, నడవా వరసలో వాళ్ళు ఒక గుంపు, మధ్యవాళ్ళు తీర్పరులు. ఎడమ రెక్క మీద చర్చ, కుడి రెక్క మీద చర్చ. అందరి అభిప్రాయాలూ తీసుకుని, నేను వెళ్ళి కూర్చుని దింపేశాను. ఎక్కడ దింపాననుకున్నారు? అదిగో. మన స్కూలు గ్రౌండులో."

"ఏ రోజు వచ్చావు నువ్వు?" అన్నాడు డ్రిల్లు మాస్టారు.

"శనివారం."

"శనివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను గ్రౌండులోనే ఉన్నాను. పరుగుపందేలకి సున్నం గీతలు గీస్తున్నాను."

"గీతలు చెరగకుండా దింపాను బావా. అందుకే నీకు తెలియలేదు."

డ్రిల్లు మాస్టారు రెండు చేతులూ పైకెత్తి ఓడిపోయానన్నాడు. టీచరమ్మ పెన్ను మూసేసింది. ఆమె పుస్తకంలో ఒక పేజీ నిండా కొట్టివేతలు, అడుగున 'కాగితం?' అని ఒక్క మాట మిగిలింది. నిజానికి విదేశం ట్రైనింగుకి ఉన్న ఆ ఒక్క సీటుకి ముందు ఆమె పేరే రాశారు. తనకి సర్వీసు ఎక్కువని మాస్టారు అడిగితే పేరు మార్చారు. ఆమె ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు, ఇప్పుడూ ఎత్తలేదు.

అక్క చేతులు తుడుచుకుని పొయ్యి అవతల నుంచి ఇవతలికొచ్చింది. మాస్టారి ముందు నిలబడి, బళ్ళో పిల్లలా చేతులు కట్టుకుంది.

"మాస్టారూ, నేను నాలుగో తరగతితో మానేసినదాన్ని. నాక్కూడా ఒక పాఠం వచ్చింది. ఒప్పజెప్తాను, తప్పులుంటే దిద్దండి."

"చెప్పక్కా, చెప్పు," అన్నాడు మాస్టారు, బల్ల మీద సర్దుకుని కూర్చుంటూ.

"క్రియాశీల అభ్యసనము అనగానేమి? జవాబు. విద్యార్థి స్వయముగా ఆలోచించి, ప్రశ్నించి, చేసి నేర్చుకొనుటను క్రియాశీల అభ్యసనము అందురు. దీని లక్షణములు ఏడు. ఒకటి, విద్యార్థి బట్టీ పట్టరాదు. రెండు, విద్యార్థి ఉపాధ్యాయుని చెప్పుచేతలలో గాక తన బుద్ధితో నడచుకొనవలెను. మూడు, నోట్సు రాయించుట తగ్గించవలెను."

"చాలు చాలక్కా," అన్నాడు మాస్టారు. ఆయన చేతులు ఊపడం ఆగిపోయింది.

"చాలదు మాస్టారూ, ఇంకా నాలుగున్నాయి. మీరు తొమ్మిదో తరగతికి మూడు పీరియడ్లు చెప్పి రాయించారు. ఎర్ర ఇంకుతో అడుగున గీతలు కొట్టించారు. మా అమ్మాయి వారం నుంచి పొద్దున్నే లేచి వల్లెవేస్తుంటే, పాలు కాస్తూ నాకే వచ్చేసింది. రేపు అధికారులొచ్చి కూర్చుంటే అరవై మంది పిల్లలూ లేచి, ఒక్క గొంతుతో 'బట్టీ పట్టరాదు' అని ఒప్పజెప్తారు. అదేనా మాస్టారూ కొత్త పద్ధతి?"

డ్రిల్లు మాస్టారు ఫక్కున నవ్వాడు. బామ్మర్ది ముఖం చూసి మధ్యలో ఆపేశాడు.

"ఏడోది మటుకు నా కూతురికి నోట్లో నిలవదు," అంది అక్క. "మొన్న మీరు లేపి అడిగారట. మరిచిపోయింది. వందసార్లు రాసుకు రమ్మన్నారట. అదే రాస్తోంది లోపల. పైకి చదువుకుంటూ రాస్తోంది. ఇందాకటి నుంచీ మీరు దీక్షగా చదువుతోందన్నది అదే."

ఇప్పుడు మాటలు తెలిశాయి. లోపల్నుంచి, అలిసిపోయిన గొంతుతో, ఒక్కో మాటా విడదీసుకుంటూ వచ్చాయి. ఏడు. తప్పు చేయుటకు. విద్యార్థి. భయపడరాదు. కాసేపు ఆగి, మళ్ళీ. ఏడు. తప్పు చేయుటకు.

గ్లోబు మాస్టారు వెనక గది వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆయన నోరు మూసుకుని అంతసేపు కూర్చోవడం ఆ బల్లలు ఎప్పుడూ చూసి ఉండవు.

"ఎన్ని అయ్యాయి?" అన్నాడు చివరికి.

"ఇందాక నేను చూసినప్పుడు అరవై మూడు."

"మిగతావి వద్దని చెప్పక్కా."

ఆవిడ వెళ్ళలేదు. ఆయన చెప్పేదింకా ఉందని తెలిసినట్టు నిలబడింది.

"టీచరమ్మా," అన్నాడు మాస్టారు, తల ఎత్తకుండా. "ఆ తెలియని కాగితం మీద ఏం రాశానని అడిగావు కదా. 'పాఠం ఎప్పుడు మొదలవుతుంది' అని రాశాను."

"సార్?"

"మొదటిరోజు మొదలవుతుందనుకున్నాను. మొదలవలేదు. రెండోరోజనుకున్నాను. వాళ్ళు కాగితాలు అంటిస్తున్నారు, వంతెనలు కడుతున్నారు, నవ్వుకుంటున్నారు, నేను పాఠం కోసం చూస్తున్నాను. కుర్చీ నేనొక్కణ్ణే తిప్పాను. ఇంకెవరూ తిప్పలేదు. ఆవిడ వచ్చి, ఏమీ అనకుండా, నన్ను లేపి, నా కుర్చీ మళ్ళీ లోపలికి తిప్పింది. అందరూ చూస్తుండగా. ఆ తర్వాత నేను ఇంక దేనికీ లేవలేదు. నోట్సు రాసుకున్నాను. వాళ్ళు చేస్తుంటే 'వంతెన కట్టుచున్నారు' అని రాసుకున్నాను. ఇరవై ఒక్క రోజులు. నాకు వచ్చింది అదొక్కటే. నాకు అర్థం కావడం లేదండీ అని చెయ్యెత్తి అడగాలి కదా. ఎలా అడగను? టీచర్ని కదా నేను. సిగ్గేసింది. ఇక్కడికొచ్చాక ఇంకా సిగ్గేసింది. నువ్వు వెళ్ళాల్సిందమ్మా. నీ సీటు తీసుకుని నేను రాసుకొచ్చానంతే."

డ్రిల్లు మాస్టారు బామ్మర్ది భుజం మీద చెయ్యి వేయబోయి, ఎందుకో తన టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"వంతెన నిజమేనా సార్?" అంది టీచరమ్మ.

"నిజమే. పుస్తకం ఆగింది. లారీ కాదు."

"ఎలా కట్టారు?"

"చూడలేదమ్మా. తల వంచుకుని రాసుకుంటున్నాను కదా. చప్పట్లు వినపడితే తలెత్తాను. అప్పటికే నిలబడి ఉంది."

అక్క పొట్లాలు కట్టే పాత న్యూస్‌పేపర్ల దొంతర తెచ్చి ఆయన ఒళ్ళో పడేసింది. "ఇవిగో కాగితాలు. ఇటొక బల్ల, అటొక బల్ల, మధ్యలో ఎడం. లేవండి అందరూ."

"ఇప్పుడా?" అన్నాడు గ్లోబు మాస్టారు.

"అధికారులొచ్చాకా?"

లేచారు. డ్రిల్లు మాస్టారు నాలుగు కాగితాలు ఒకదాని మీద ఒకటి పరిచి, బలంగా ఉంటుందన్నాడు. టీచరమ్మ చుడదామంది. గ్లోబు మాస్టారు అంచులు పట్టుకుని నిలబడ్డాడు, ఏం చెయ్యాలో ఎవరైనా చెప్తారేమోనని ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తూ. వాళ్ళకీ తెలియదు. పరిచారు, రెండు చివర్లా టీ గ్లాసులు బరువు పెట్టారు. దానిమీద ఏం పెడదామన్నారు. మాస్టారు సంచీలోంచి తన ట్రైనింగు నోటుపుస్తకం తీశాడు. రెండొందల పేజీలు, అట్ట వేసి, ఎర్ర ఇంకుతో గీతలు కొట్టినది. మెల్లగా మధ్యలో పెట్టి చేతులు తీశాడు.

వంతెన నడుం విరిగి నోటుపుస్తకం మట్టిలో పడింది. దాని వెనకే రెండు గ్లాసులు పడ్డాయి. లోపల చదువు ఆగిపోయింది.

"విమానం దింపినోడివి," అన్నాడు డ్రిల్లు మాస్టారు నెమ్మదిగా, ఈసారి వెక్కిరింత లేకుండా.

"ఎందుకు పడిపోయిందంటారు మాస్టారూ?" అంది అక్క.

"అక్కడికే వస్..." అని ఆగిపోయాడు గ్లోబు మాస్టారు. వంగి, చిరిగిన కాగితాన్ని చేతిలోకి తీసుకున్నాడు. వెలుతురుకి ఎత్తి చూశాడు. ఒక మడత పెట్టాడు, విప్పాడు, మళ్ళీ పెట్టాడు. "తెలియదక్కా," అన్నాడు.

"మరి రేపు పొద్దున్న పిల్లల్ని ఇదే అడగండి." అక్క కిందపడ్డ గ్లాసులు ఏరుకుంటూ అంది. "జవాబు మటుకు ముందే రాయించకండి."